'లాస్ట్' చూస్తూ దారి తప్పకుండా ఉండడం ఎలా: ద్వీపం రహస్యాలకూ కాలయానానికీ ఒక సమగ్ర మార్గదర్శి

'లాస్ట్' ఐదో సీజన్ మొదటిసారి చూస్తున్న రోజుల్లో మా ఇంట్లో ఒక ప్రశ్న పావుగంటకోసారి వినిపించేది. వంటింట్లోంచి వచ్చి సోఫా అంచున కూర్చునే అమ్మ అడిగేది: "ఇది ఇప్పుడు జరుగుతోందా, అప్పుడెప్పుడో జరిగిందా?" నేను రిమోట్ నొక్కి బొమ్మ ఆపి, వివరించడం మొదలుపెట్టి, సగంలో నాకే తీగ తెగిపోయి మళ్ళీ నడిపించేవాణ్ణి. సీజన్ సగానికి వచ్చేసరికి అమ్మ అడగడం మానేసింది. నాకు అర్థం కాలేదని ఆవిడకు అర్థమైపోయింది.

రెండోసారి చూసేటప్పుడు ఒక రూళ్ళ నోటుపుస్తకం దగ్గర పెట్టుకున్నాను. ఈ వ్యాసం ఆ పుస్తకంలోంచి పుట్టిందే. ఇందులో మొదటి అడుగు ఎవరైనా చదవవచ్చు. రెండో అడుగు నుంచి కథ గుట్టు విప్పుతూ పోతాను కాబట్టి, ఏ అడుగు ఏ సీజన్ తరవాత చదవాలో అక్కడక్కడే రాశాను. తొందరపడి ముందుకు వెళితే నష్టం మీదే.

మొదటి అడుగు: కూర్చునే ముందు

అమెరికాలో ఏబీసీ చానల్ 2004 సెప్టెంబర్ 22న మొదలుపెట్టి 2010 మే 23న ముగించిన ధారావాహిక ఇది. ఆరు సీజన్లు, 121 భాగాలు. ఒక్కో భాగం నలభై నిమిషాలు దాటుతుంది, అంటే మొత్తం ఎనభై అయిదు గంటలకు పైగా పని. రోజుకొకటి చొప్పున చూస్తే నాలుగు నెలలు పడుతుంది. నా మాట వింటే అంతకన్నా వేగంగా చూడకండి. ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య తల గోక్కునే వ్యవధి ఉండాలనే దీన్ని అల్లారు.

సిడ్నీ నుంచి లాస్ ఏంజెలిస్ వెళుతున్న ఓషియానిక్ 815 విమానం దక్షిణ పసిఫిక్‌లో ఏ పటంలోనూ లేని ఒక ద్వీపంలో కూలుతుంది. బతికి బయటపడ్డవాళ్ళు సహాయం కోసం ఎదురుచూస్తుంటారు. అడవిలో ఏదో చెట్లను కూల్చుకుంటూ తిరుగుతుంటుంది. ధ్రువప్రాంతంలో ఉండాల్సిన తెల్ల ఎలుగుబంటి ఉష్ణమండలపు చెట్ల మధ్య నుంచి మీద పడుతుంది. ఇంతకు మించి ముందుగా తెలుసుకోవాల్సిందేమీ లేదు.

ప్రసారమైన వరుసలోనే చూడండి. అభిమానులు మొత్తం కథను కాలక్రమంలో కత్తిరించి మళ్ళీ కూర్చిన రూపం ఒకటి ఉంది. మొదటిసారి దాని జోలికి పోవద్దు. తాళం ముందు ఇచ్చి తలుపు తరవాత చూపించినట్టు ఉంటుంది. సబ్‌టైటిల్స్ మాత్రం పెట్టుకోండి. డెస్మండ్ స్కాట్లండ్ యాసలో మాట్లాడతాడు, జిన్, సన్ దంపతులు చాలాకాలం కొరియా భాషలోనే మాట్లాడుకుంటారు, కొన్నిచోట్ల ఫ్రెంచి కూడా వస్తుంది. ఒక్క మాట జారిపోయినా ఒక సంవత్సరం జారిపోయినట్టే.

ఇక నోటుపుస్తకం. పేజీకి రెండు గళ్ళు గీయండి. ఎడమ గడికి 'గోడ గడియారం' అని పేరు పెట్టండి. అంటే ఆ దృశ్యం జరుగుతున్న సంవత్సరం. కుడి గడి 'చేతి గడియారం'. అంటే ఆ మనిషి తన జీవితంలో ఎంతవరకు గడిపి అక్కడికి వచ్చాడన్నది. మొదటి మూడు సీజన్లలో ఈ రెండో గడి దండగ అనిపిస్తుంది. ఉంచండి. 1956లో పుట్టిన మనిషి 1954లో నిలబడి మాట్లాడే రోజు వస్తుంది. అప్పుడు ఆ గడే మిమ్మల్ని ఒడ్డున పడేస్తుంది.

రెండో అడుగు: వెనక కథను వెనక కథగా గుర్తుపట్టడం (నాలుగో సీజన్ అయ్యాక చదవండి)

మొదటి నాలుగు సీజన్లలో ద్వీపం మీద గడిచేది మొత్తం వంద రోజులే. 2004 సెప్టెంబర్ 22 నుంచి ఆ ఏడాది చివరి వరకు. ప్రేక్షకులు నాలుగేళ్ళు చూసిన కథకు లోపల మూడు నెలల పైచిలుకు ఆయుర్దాయం. అందుకే చిన్నపిల్లాడు వాల్ట్ పాత్ర వేసిన నటుడు ఎదిగిపోయి రచయితలను ఇబ్బంది పెట్టాడు. ఈ వంద రోజుల మధ్యలో ఒక్కో భాగానికి ఒక్కో మనిషి గతం వస్తూ ఉంటుంది. మన సినిమాలు చూసినవాళ్ళకు ఫ్లాష్‌బ్యాక్ కొత్తేమీ కాదు కాబట్టి ఇక్కడ ఇబ్బంది ఉండదు. సమస్య ఏమిటంటే ఆ అలవాటునే వాళ్ళు మన మీద వాడుకున్నారు.

మూడో సీజన్ చివరి భాగంలో, విమానంలోంచి బతికి బయటపడ్డ వైద్యుడు జాక్ గడ్డం పెరిగి, మత్తుమాత్రలు మింగుతూ, వంతెన మీంచి దూకబోతూ కనిపిస్తాడు. ఇది విమానం ఎక్కకముందు సంగతి అనుకుంటాం. చివరి నిమిషంలో విమానాశ్రయం పక్కన కారులోంచి తోటి ప్రయాణికురాలు కేట్ దిగుతుంది. వాళ్ళిద్దరికీ పరిచయమైంది ద్వీపంలో కదా! అంటే మనం చూసింది ముందుకాలం. జాగ్రత్తగా చూసినవాళ్ళకు జాక్ చేతిలోని ఫోనే అనుమానం కలిగించి ఉండాలి. అది అతని గతంలో ఉండాల్సిన ఫోను కాదు.

కాబట్టి సూత్రం ఇది: పాత్ర ముఖం చూసి కాలం నిర్ణయించవద్దు, చేతిలో వస్తువు చూసి నిర్ణయించండి. నాలుగో సీజన్‌లో సన్ ప్రసవించే భాగం దీనికి మంచి సాధన. ఆసుపత్రిలో సన్ నొప్పులు పడుతుంటుంది. మరోపక్క జిన్ ఆసుపత్రికి బొమ్మ పట్టుకుని పరుగెత్తుతుంటాడు. రెండూ ఒకే రోజు అనుకుంటాం. కానీ బొమ్మల దుకాణంవాడు 'ఇది డ్రాగన్ సంవత్సరం' అంటాడు. మనకు ప్రభవ, విభవ అని అరవై ఉన్నట్టు వాళ్ళకు పన్నెండు జంతువుల చక్రం ఉంది. ఆ లెక్కన డ్రాగన్ 2000లో వచ్చింది. సన్ ప్రసవం 2005లో. జిన్ పరుగు గతం, సన్ నొప్పులు భవిష్యత్తు, రెండింటినీ పక్కపక్కన కుట్టి మనను ఏడిపించారు. దుకాణంవాడి ఒక్క మాట విన్నవాడు ఏడవడానికి బదులు నోటుపుస్తకం తీస్తాడు. నేను మొదటిసారి ఏడ్చినవాళ్ళలోనే ఉన్నాను.

మూడో అడుగు: రహస్యాలను మూడు సంచుల్లో వేయడం

ప్రతి భాగమూ రెండు కొత్త ప్రశ్నలు పడేసి పోతుంది. అన్నింటినీ ఒకే జాబితాలో రాస్తే రెండో సీజన్‌కే పుస్తకం నిండిపోతుంది. నేను మూడు సంచులు చేసుకున్నాను: యంత్రానికి సంబంధించినవి, మనుషులకు సంబంధించినవి, నమ్మకానికి సంబంధించినవి. మొదటి సంచిలోని వాటికి జవాబు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. మూడో సంచిలోని వాటికి దొరికినా సంతృప్తి ఉండదు. గుసగుసలు ఎవరివి, నల్లపొగ ఏమిటి అన్నవాటికి ఆరో సీజన్ జవాబిస్తుంది. కానీ ఆ జవాబు పురాణంలా ఉంటుంది, ఫిజిక్స్ పాఠంలా ఉండదు. ఏ ప్రశ్న ఏ సంచిలోదో ముందే తెలిస్తే చివర్లో తిట్టుకోవాల్సిన పని తగ్గుతుంది.

యంత్రం సంచికి ఒక్క ఉదాహరణ చాలు. అడవిలో నేలలోకి దిగిన ఇనుప తలుపు ఒకటి దొరుకుతుంది. దాని కింద నేలమాళిగ. అందులో ఒక పాత కంప్యూటర్. 4, 8, 15, 16, 23, 42 అనే అంకెలను 108 నిమిషాలకోసారి కొట్టకపోతే ప్రపంచం ముగిసిపోతుందని అక్కడున్న డెస్మండ్ నమ్ముతాడు. ఆరు అంకెలనూ కూడి చూడండి, 108 వస్తుంది. అష్టోత్తరం తెలిసిన మనకు ఈ సంఖ్య చూడగానే పెదవి మీద నవ్వు రావడం సహజం. అసలు ఆ స్థావరం కట్టిన సంస్థ పేరే 'ధర్మ'. ఏవో ఆంగ్లపదాల తొలి అక్షరాలు కలిపి పేర్చిన పేరది. వాళ్ళ శిక్షణ చిత్రాల్లో శాస్త్రవేత్త చివర 'నమస్తే' అంటాడు. ఐదో సీజన్‌లో వచ్చే విమాన సంస్థ పేరు 'అజిర'. సంస్కృతంలో ఆ మాటకు వేగం గలదనీ అర్థం ఉంది, ముంగిలి అనీ అర్థం ఉంది. ఈ పేర్లకు లోతైన వేదాంతం వెతకవద్దు. 1970లో అమెరికా విశ్వవిద్యాలయంలో పుట్టిన సంస్థగా కథలో చూపించారు కాబట్టి, ఆ తరం తూర్పుదేశాల మీద పెంచుకున్న మోజుకు ఇది అద్దం. అంతే.

విమానం ఎందుకు కూలింది? రెండో సీజన్ ముగింపులో డెస్మండ్ పాత అచ్చుకాగితాలు తిరగేస్తాడు. ఒకచోట '922044:16' అని ఉండి, పక్కన వ్యవస్థ విఫలమైందని ఉంటుంది. మనవాళ్ళు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే మనం తేదీ ముందు రాస్తాం. అమెరికావాళ్ళు నెల ముందు రాస్తారు: 9వ నెల, 22వ తేదీ, 04వ సంవత్సరం, 4 గంటల 16 నిమిషాలు. ఆ రోజు డెస్మండ్ సమయానికి అంకెలు కొట్టలేకపోయాడు. పేరుకుపోయిన అయస్కాంతశక్తి ఒక్కసారి లాగింది. ఆకాశంలో పోతున్న విమానం ముక్కలైంది. ఇంత పెద్ద రహస్యానికి జవాబు ఒక మడతకాగితం మీది ఎనిమిదంకెల్లో ఉంది!

అలాగే మొదటి సీజన్ రేడియో సందేశం. సహాయం కోరుతూ ఒక ఫ్రెంచి స్త్రీ గొంతు, అరనిమిషం నిడివి, ఎన్నోసారి మోగుతోందో చెప్పే అంకెతో సహా మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. బతికినవాళ్ళలో ఒకడైన సయీద్ అప్పటికప్పుడు లెక్కకట్టి పదహారేళ్ళుగా మోగుతోందంటాడు. మీరూ కట్టి చూడండి. రోజుకు 2,880 సార్లు, పదహారేళ్ళకు కోటీ అరవై ఎనిమిది లక్షల పైచిలుకు. 2004లోంచి పదహారు తీస్తే 1988. ఈ సంవత్సరాన్ని ఎర్రసిరాతో రాసుకోండి. నాలుగేళ్ళ తరవాత పనికొస్తుంది.

నాలుగో అడుగు: మూడు రకాల కాలయానాన్ని విడదీయడం (నాలుగో సీజన్ అయ్యాక)

ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. 'లాస్ట్'లో కాలయానం ఒకటి కాదు, మూడు. మన తెలుగు సినిమాలో యంత్రం ఎక్కి కృష్ణదేవరాయల కొలువులో దిగినట్టు ఇక్కడెవరూ కోరుకున్న చోటికి పోలేరు. కాలమే వాళ్ళను లాక్కుపోతుంది.

మొదటిది సరిహద్దు తేడా. ద్వీపం లోపలి కాలానికీ బయటి కాలానికీ పొత్తు కుదరదు. డేనియల్ ఫారడే అనే భౌతికశాస్త్రజ్ఞుడు సముద్రంలో ఆగిన ఓడనుంచి ఒక చిన్న రాకెట్ పంపించమంటాడు. దాన్లో ఒక గడియారం, తన దగ్గర ఒక గడియారం. రాకెట్ రావాల్సిన సమయానికి రాదు. వచ్చాక రెండు గడియారాలూ పక్కన పెట్టి చూస్తే 31 నిమిషాల తేడా. ఇదే తేడా ముదిరితే ఏమవుతుందో తరవాత చూపిస్తారు: ఓడ మీది వైద్యుడి శవం ద్వీపం ఒడ్డుకు కొట్టుకొస్తుంది, ఓడవాళ్ళేమో ఆయన క్షేమంగా ఉన్నాడంటారు. ఆయన్ను చంపడం ఇంకా జరగలేదు! భాగవతం చదివినవాళ్ళకు రైవతుడు గుర్తుకు రావాలి. కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్ళి, అక్కడ పాట అయ్యేదాకా ఒక్క క్షణం ఆగుతాడు. ఈలోగా భూమి మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. అతను అనుకున్న పెళ్ళికొడుకుల మునిమనవలు కూడా మిగలరు. ఆ కథ ఒంటబట్టినవాడికి 31 నిమిషాలు ఒక లెక్కా?

రెండోది మనసు ప్రయాణం. శరీరం ఉన్నచోటే ఉంటుంది, తెలివి మాత్రం మరో సంవత్సరానికి జారుతుంది. ఇది డెస్మండ్ సొత్తు. 'ది కాన్‌స్టంట్' అనే భాగం, నాలుగో సీజన్‌లో అయిదోది, దీనికి పాఠ్యగ్రంథం. ఎవరికైనా ఈ ధారావాహిక సత్తా చూపించాలంటే నేను ఇదొక్కటి వేసి చూపిస్తాను.

2004లో హెలికాప్టర్‌లో ఓడకు పోతున్న డెస్మండ్‌కు ఒక్కసారిగా తను 1996లో సైనిక శిబిరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. అనిపించడం కాదు, 1996 నాటి డెస్మండ్ మనసే అతని ఒంట్లోకి వచ్చి కూర్చుంటుంది. పక్కనున్న సయీద్ ఎవరో తెలియదు. ఇక్కడ మీ కుడి గడి చాలా ముఖ్యం: ఆ భాగమంతా 'చేతి గడియారం' 1996నే చూపిస్తుంది, మారేది గోడ గడియారం మాత్రమే. ఫోనులో డేనియల్ చెప్పిన గుర్తులు పట్టుకుని, 1996లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న కుర్ర డేనియల్ దగ్గరికి వెళతాడు. అతను ఎలోయీజ్ అనే ఎలుక మీద ప్రయోగం చేసి చూపిస్తాడు. గంట తరవాత నేర్పబోయే దారిని అది ముందే పరుగెత్తేస్తుంది, ఆ తరవాత చచ్చిపోతుంది. రెండు కాలాల మధ్య ఊగే బుర్రకు రెండు చోట్లా ఉండే ఒక పట్టుకొమ్మ కావాలి, లేదంటే అది తెగిపోతుంది. ఆ పట్టుకొమ్మకు డేనియల్ పెట్టిన పేరే కాన్‌స్టంట్. తెలుగు మాధ్యమంలో లెక్కలు చదివినవాళ్ళకు స్థిరరాశి. డెస్మండ్‌కు అది పెనీ, అతను వదులుకున్న అమ్మాయి. ఎనిమిదేళ్ళ తరవాత క్రిస్మస్ ముందురోజు ఫోన్ చేస్తాను, అంతవరకు నంబరు మార్చవద్దని 1996లో ఆమెను బతిమాలుకుంటాడు. 2004 డిసెంబర్ 24న, సయీద్ అతుకులేసి బాగుచేసిన ఫోనులో, గంట మోగుతుంది. మిగతాది నేను చెప్పను.

మూడోది శరీరం ప్రయాణం. ద్వీపం అడుగున మంచు పట్టిన ఒక పెద్ద చక్రం ఉంది. నాలుగో సీజన్ చివర, ద్వీపంలో ముందునుంచీ ఉంటున్నవాళ్ళ నాయకుడు బెన్ దాన్ని తిప్పుతాడు, ద్వీపం మాయమవుతుంది. తిప్పినవాడు ట్యునీషియా ఎడారిలో తేలతాడు, అదీ పది నెలలు ముందుకు, 2005 అక్టోబర్‌లో. ద్వీపం మీద మిగిలిపోయినవాళ్ళు ఏమయ్యారన్నదే ఐదో సీజన్.

ఐదో అడుగు: దూకుళ్ళను లెక్కపెట్టడం (ఐదో సీజన్ చూస్తూ)

తెల్లటి మెరుపు, చెవులు చిల్లులు పడే మోత, కాలం మారిపోతుంది. సాయర్, జూలియట్, లాక్, డేనియల్, షార్లట్, మైల్స్, జిన్ ఈ దూకుళ్ళలో కొట్టుకుపోతుంటారు. సముద్రతీరంలో తమ గుడిసెలు కనిపించక గాభరాపడితే డేనియల్ అంటాడు, అవి పోలేదు, ఇంకా కట్టలేదని. ఐదో సీజన్‌కు తాళంచెవి ఆ మాటే.

ఇక్కడ పాత్రలకూ క్యాలెండరు ఉండదు, మనకూ ఉండదు. నేను వాడిన ఉపాయం: మెరుపు వచ్చిన ప్రతిసారీ నాలుగు గుర్తులు చూసుకోండి. తీరంలో గుడిసెలు ఉన్నాయా? నేలమాళిగ ఉందా, ఉంటే బాగుందా, పేలిపోయిందా? బావి ఉందా? నాలుగు వేళ్ళ పాదం మిగిలిన ఆ విగ్రహం మొత్తంగా నిలబడి ఉందా? లాక్ బావిలోకి తాడు పట్టుకుని దిగుతుంటే మెరుపు వస్తుంది. పైన సాయర్ చేతిలో తాడు ఉంటుంది, తాడు కింద బావి ఉండదు, గట్టి నేల ఉంటుంది. అంటే బావి తవ్వకముందు కాలానికి పోయారన్నమాట. దూరంగా చూస్తే విగ్రహం నిండుగా, వీపు మనవైపు పెట్టి నిలబడి ఉంటుంది. ఒక్క మాట లేకుండా వేల ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళారు.

ఒక హెచ్చరిక. ద్వీపవాసుల్లో ఒకడైన రిచర్డ్ ముఖం చూసి మాత్రం కాలం లెక్కించవద్దు. అతను 1867లో ద్వీపానికి వచ్చినవాడు, అప్పటినుంచి ఒక్క ముడత పడలేదు.

దూకుళ్ళ వరుస ఇలా రాసుకోండి. ముందు నైజీరియా మాదకద్రవ్యాల విమానం కూలిన రోజు. తరవాత నేలమాళిగ పేలిపోయి గొయ్యి మిగిలిన కాలం. అక్కడినుంచి డెస్మండ్ ఇంకా లోపలే ఉన్న రోజులు. ఆపైన 1954, అమెరికా సైన్యం తెచ్చిన హైడ్రోజన్ బాంబుతో సహా. తరవాత 2004లో ఒక రాత్రి, దాని సంగతి చివర్లో చెబుతాను. తరవాత ముందుకాలంలో ఎప్పుడో, అజిర సంస్థ నీళ్ళసీసా ఉన్న ఒక పడవ. వీళ్ళు అది తీసుకుని సముద్రంలో పోతుంటే వెనక మరో పడవలోంచి ఎవరో కాలుస్తారు. ఆ ఎవరో ఎవరో ఆరో సీజన్ ముగిసినా చెప్పలేదు. నా పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది. ఆ తరవాత జిన్ కళ్ళముందు 1988, ఎర్రసిరాతో రాసుకున్నారే, ఆ ఫ్రెంచి బృందం, కడుపుతో ఉన్న పడుచు రూసో (ఆ రేడియో గొంతు ఆవిడదే). చివరకు లాక్ చక్రాన్ని సరిచేస్తే ద్వీపం స్థిరపడుతుంది, మిగిలినవాళ్ళు 1974లో ఇరుక్కుంటారు. సాయర్ పేరు మార్చుకుని ధర్మ సంస్థలో భద్రతాధికారిగా మూడేళ్ళు కాపురం చేస్తాడు. బయటికి వెళ్ళి 2007లో అజిర 316 విమానంలో తిరిగొచ్చినవాళ్ళలో జాక్, కేట్, హర్లీ, సయీద్ 1977లో పడతారు. సన్ మాత్రం 2007లోనే దిగుతుంది. మొగుడు 1977లో, పెళ్ళాం 2007లో. ఒకే ఊరు, ముప్ఫై ఏళ్ళ దూరం.

ఈ చిక్కులో కుడి గడి ఎలా పనిచేస్తుందో దిక్సూచితో చూపిస్తాను. కాలికి గుండు దెబ్బ తగిలిన లాక్ దగ్గరికి రిచర్డ్ వచ్చి, కట్టుకట్టి, ఒక దిక్సూచి చేతిలో పెడతాడు: వచ్చేసారి కలిసినప్పుడు నిన్ను గుర్తుపట్టను, ఇది నాకు తిరిగివ్వు అంటాడు. లాక్ 1954లో పడి అది రిచర్డ్‌కు ఇస్తాడు. నన్ను నమ్మకపోతే రెండేళ్ళ తరవాత నేను పుట్టేటప్పుడు వచ్చి చూసుకో అంటాడు. రిచర్డ్ నిజంగానే 1956లో ఆసుపత్రికి వెళ్ళి అద్దంలోంచి పసివాణ్ణి చూస్తాడు. నాలుగో సీజన్‌లో ఆ దృశ్యం చూసినప్పుడు ఇతనికి ఈ పిల్లవాడి మీద ఎందుకింత ఆసక్తి అనుకున్నాం. లాక్ స్వయంగా పిలిచాడు కాబట్టి! రిచర్డ్ ఆ దిక్సూచిని యాభై ఏళ్ళు దాచి, మళ్ళీ లాక్‌కే ఇస్తాడు. ఇప్పుడు అడగండి, దాన్ని చేసిందెవరు? ఎవరూ చేయలేదు. అది ఏ దుకాణంలోనూ అమ్ముడుపోలేదు. విత్తు ముందా చెట్టు ముందా అన్న పాత గొడవను లోహంతో పోతపోసి చూపించారు.

ఆరో అడుగు: జరిగింది జరిగినట్టే

ఇప్పుడు అసలు సూత్రం. ఈ కథలో గతంలోకి వెళ్ళి దేన్నీ మార్చలేరు. వెళ్ళడం కూడా గతంలో భాగమే. ఐదో సీజన్‌లో ఒక భాగం పేరే దాదాపు ఇదే.

పరీక్షించి చూడండి. బెన్ పెద్దయ్యాక చేసిన ఘోరాలన్నీ తెలిసిన సయీద్, 1977లో చిన్నపిల్లాడిగా ఉన్న బెన్‌ను గుండెలో కాలుస్తాడు. పిల్లవాడు చనిపోతే పెద్ద బెన్ ఉండడు కదా? చావడు. కేట్, సాయర్ అతన్ని రిచర్డ్‌కు అప్పగిస్తారు. బతుకుతాడు, కానీ ఈ సంగతి మరిచిపోతాడు, అమాయకత్వం పోతుందని రిచర్డ్ ముందే చెబుతాడు. సయీద్ ఎవర్ని ఆపాలని పేల్చాడో అతన్నే తయారుచేశాడు. మైల్స్, హర్లీ దీని మీద కూర్చుని వాదించుకునే దృశ్యం ఒకటి ఉంది. మన ప్రశ్నలన్నీ హర్లీ నోట పెట్టించారు, అది రెండుసార్లు చూడండి. మనం చచ్చిపోవచ్చా అన్నదానికి మైల్స్ జవాబు సులువు: అవును, ఎందుకంటే ఇది మన గతం కాదు, మన వర్తమానం. గోడ గడియారం, చేతి గడియారం తేడా అదే.

దీనికి డేనియలే ఎదురు తిరుగుతాడు. ఆ భాగం పేరు 'ది వేరియబుల్', చరరాశి. మొత్తం మీద నూరో భాగం. మనుషులు ఆలోచించగలరు, నిర్ణయం మార్చుకోగలరు, కాబట్టి మనమే చరరాశులం, విధిని మార్చవచ్చు అంటాడు. అంటూ తుపాకీ పట్టుకుని శత్రువుల శిబిరంలోకి వెళితే వెనకనుంచి ఒక యువతి కాలుస్తుంది. ఆమె అతని తల్లి ఎలోయీజ్. చనిపోతున్నవాడి జేబుపుస్తకంలో ఆమెకు తన చేతిరాత కనిపిస్తుంది. అంటే ఆ తల్లి తరవాత ముప్ఫై ఏళ్ళు ఏ కొడుకును చంపిందో తెలిసే అతన్ని పెంచింది, సంగీతం మాన్పించి సైన్సు చదివించింది, పట్టా పుచ్చుకున్న రోజు అదే పుస్తకం కానుకగా ఇచ్చి, చివరకు ద్వీపానికి పంపింది. రెండోసారి చూసేటప్పుడు ఆవిడ కనిపించిన ప్రతి దృశ్యమూ వేరుగా ఉంటుంది.

సీజన్ చివర బాంబు. 1977లో దాన్ని పేలిస్తే విమానం కూలనే కూలదని జాక్ ఆశ. జూలియట్ పేలుస్తుంది, తెర తెల్లబడుతుంది. మారిందా? మారలేదనే నా తీర్పు, సాక్ష్యం కూడా ఉంది. ధర్మవాళ్ళు తవ్వుతున్న చోట లోహాలన్నీ లాక్కుపోతున్నప్పుడు వాళ్ళ శాస్త్రవేత్త డాక్టర్ చాంగ్ చెయ్యి ఇనుప దూలాల కింద నలిగిపోతుంది. ఇప్పుడు రెండో సీజన్‌కు వెళ్ళి, నేలమాళిగలో దొరికిన శిక్షణ చిత్రం మళ్ళీ వేయండి. ఆయన ఒక చెయ్యి కదలదు, అది కృత్రిమ చెయ్యి. పైగా అందులో ఆయన 'ఒక సంఘటన' జరిగిందనీ, అప్పటినుంచే 108 నిమిషాల పద్ధతి వచ్చిందనీ చెబుతాడు. జాక్ ఆపుదామనుకున్న సంఘటనలో జాక్ ముందునుంచే ఉన్నాడు.

ఏడో అడుగు: ఆరో సీజన్‌లో క్యాలెండరు పక్కన పెట్టడం

ఆరో సీజన్‌లో విమానం కూలకుండా లాస్ ఏంజెలిస్‌లో దిగే ఒక పక్క కథ నడుస్తుంది. బాంబు పని చేసింది, మరో కాలరేఖ పుట్టింది అనుకుంటాం. పుస్తకంలో ఎడమ గడిలో ఏ సంవత్సరమూ రాయకండి, అడ్డగీత పెట్టండి. చివరి భాగంలో తెలుస్తుంది, అది చనిపోయాక అందరూ ఒకరికోసం ఒకరు ఆగిన చోటు. అక్కడ 'ఇప్పుడు' అన్నదే లేదని జాక్ తండ్రి చెబుతాడు.

దీన్ని చూసి సగం ప్రపంచం 'వాళ్ళంతా మొదట్లోనే విమానంలో చచ్చిపోయారట' అని ప్రచారం చేసింది. తప్పు. కొందరు నీకన్నా ముందు, కొందరు నీ తరవాత చాలాకాలానికి పోయారని అదే దృశ్యంలో తండ్రి స్పష్టంగా అంటాడు. ద్వీపంలో జరిగిందంతా నిజంగా జరిగింది. పొరపాటుకు చానల్ కూడా కొంత కారణం. చివర పేర్లు పడుతున్నప్పుడు మనిషన్నవాడు లేని తీరం, విమాన శకలాల బొమ్మలు వేశారు. వార్తలకు ముందు కాస్త ఊపిరి తీసుకునేందుకు వేసిన బొమ్మలవి, కథకు వాటితో పని లేదు.

ఎనిమిదో అడుగు: ఒక రాత్రిని మూడుసార్లు చూడడం

అంతా అయ్యాక, ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని ఈ మూడూ వరుసగా వేయండి. మొదటి సీజన్‌లో తోటి ప్రయాణికుడు బూన్ ప్రాణాల మీదికి వచ్చిన రాత్రి. లాక్ చేతిలో దారి లేదు, ఇనుప తలుపు మీద పిడికిళ్ళతో గుద్దుతూ ఏడుస్తాడు. లోపలినుంచి ఒక్కసారి వెలుగు వస్తుంది. దేవుడు పలికాడనుకుంటాడు.

తరవాత రెండో సీజన్ చివరి భాగం. అదే రాత్రి, తలుపుకు అవతలి వైపు. మూడేళ్ళు నేలమాళిగలో మగ్గి విసిగి డెస్మండ్ చావడానికి సిద్ధపడి ఉంటాడు. పైన ఎవరో గుద్దుతున్న చప్పుడు. గబుక్కున లేచి దీపం వేస్తాడు. ఎవరు ఎవరికి దేవుడయ్యారో అక్కడ తేలుతుంది.

మూడోది ఐదో సీజన్ నాలుగో భాగం. దూకుళ్ళలో పడి అడవిలో నడుస్తున్న లాక్, చెట్ల పైన ఆకాశంలోకి లేచిన వెలుగు స్తంభాన్ని చూసి ఆగిపోతాడు. తనెక్కడున్నాడో, ఎప్పుడున్నాడో అతనికి తెలుసు. అటు వెళ్ళి, ఏడుస్తున్న తనను తనే ఓదార్చవచ్చు. వెళ్ళడు, అందరినీ వేరే దారి పట్టిస్తాడు. ఇంకాస్త దూరంలో సాయర్ పొదల చాటునుంచి, క్లేర్‌కు కేట్ పురుడు పోస్తుంటే చూస్తూ నిలబడతాడు. రెండడుగులు వేస్తే కేట్ దగ్గరికి చేరతాడు. అప్పుడే తెల్లటి మెరుపు వస్తుంది.